ఫైబర్‌కి మారే ముందు: మీ నెట్ అసలు ఎక్కడ నెమ్మదిస్తోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇంట్లో టెలిఫోన్ రాగి తీగ మీద వచ్చే 40 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది. పొద్దున పూట బాగానే నడుస్తుంది. సాయంత్రం అయ్యేసరికి వీడియోలు ఆగి ఆగి వస్తాయి, ఆఫీసు కాల్‌లో గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. పడకగదిలో ఫోన్‌తో స్పీడ్ టెస్ట్ చేస్తే 12 చూపిస్తోంది. కంపెనీవాళ్లు 300 ఎంబీపీఎస్ ఫైబర్‌కి మారమని వెంటపడుతున్నారు. మారితే ఈ బాధ పోతుందా?

కొంత పోతుంది, కొంత పోదు. ఏది ఎంతో రెండు మూడు సాయంత్రాలు కొలిస్తే తేలిపోతుంది, అప్పటిదాకా సంతకం పెట్టకండి. ఫైబర్ మంచిది కాదని కాదు. ఇంటికి నెట్ తెచ్చే మార్గాల్లో అంతకంటే మంచిది ప్రస్తుతానికి లేదు. కానీ అది బాగుచేసేది కంపెనీ నుంచి మీ గోడ దాకా ఉన్న దారిని మాత్రమే. గోడ నుంచి మీ ఫోన్ దాకా ఉన్న ఆఖరి పది మీటర్ల బాధ్యత మీదే. ఇళ్లలో నెట్‌వర్క్ పనులు చేయడం నా వృత్తి. "లైన్ నెమ్మది" అని పిలిస్తే వెళ్లిన ఇళ్లలో అసలు లైన్‌కి ఏ రోగమూ లేనివి చాలానే చూశాను. అలాంటి ఇంట్లో 300 ప్లాన్ పెట్టించుకున్నా పడకగదిలో మళ్లీ అదే 12 కనిపిస్తుంది.

ముందు ఆ 12 సంగతి చూద్దాం. అది మీ లైన్ స్పీడ్ కాదు. ఫోన్‌కీ రూటర్‌కీ మధ్య ఉన్న వైఫై, దాని వెనక ఉన్న లైన్, ఆ క్షణంలో ఇంట్లో మిగతావాళ్లు వాడుకుంటున్న వాటా, ఈ మూడూ కలిసి తేలిన అంకె అది. వీటిని విడదీయాలంటే లాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలపండి. లాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి, ఆఫీసు వీపీఎన్ ఉంటే అదీ ఆపండి. మిగతా ఫోన్లు, టీవీ అన్నిటినీ కాసేపు నెట్ నుంచి తీసేయండి. ఇంట్లోవాళ్లు గొణుగుతారు, ఐదు నిమిషాల పనే అని నచ్చజెప్పండి. పొద్దున ఒకసారి, బాధ ఎక్కువగా ఉండే సాయంత్రం వేళ రెండు మూడు సార్లు టెస్ట్ చేసి డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) మూడూ రాసిపెట్టుకోండి. ఊక్లా స్పీడ్‌టెస్ట్ దానంతటదే దగ్గర్లోని సర్వర్‌ని ఎంచుకుంటుంది, చాలాసార్లు అది మీ కంపెనీదే అయి ఉంటుంది. అందుకని ఒకసారి వేరే ఊళ్లో, వేరే సంస్థ సర్వర్‌ని మీరే ఎంచుకుని చూడండి. దగ్గర సర్వర్‌తో 38, దూరపు సర్వర్‌తో 9 వస్తే ఇబ్బంది మీ వీధిలో లేదు, చాలావరకు కంపెనీ బయటి దారుల్లో ఉంది.

ఇక్కడ జనం తరచూ పొరబడే చోట్లు రెండున్నాయి. ఒకటి, ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, ఫైల్ దిగుతున్నప్పుడు కంప్యూటర్ చూపించేది మెగాబైట్లు. బైట్ అంటే 8 బిట్లు. కాబట్టి 40 ఎంబీపీఎస్ లైన్‌లో సెకనుకు 5 మెగాబైట్లకు కాస్త తక్కువగా దిగుతుంటే లైన్ పూర్తి స్పీడ్‌తో పనిచేస్తున్నట్టే. రెండోది మీకు ఇప్పుడు ఎదురుకాదు, ఫైబర్ వచ్చాక ఎదురవుతుంది: టెస్ట్ ఎన్నిసార్లు చేసినా 94 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోతుంది. అలా ఆగిందంటే దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్ట్ ఉందని అర్థం. లేదా కేబుల్‌లో ఒక తీగ తెగి ఉంటుంది. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100కి రెండు జతలు చాలు కాబట్టి మిగతా రెండింటిలో ఒక జత పోయినా కనెక్షన్ తెగదు, చప్పుడు చేయకుండా 100కి పడిపోతుంది. కొత్త ఫైబర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇది చాలా మామూలు.

కేబుల్‌తో టెస్ట్ చేసినప్పుడు పొద్దునా సాయంత్రమూ 36, 38 వస్తే మీ డబ్బు ఫైబర్ మీద కాదు, వైఫై మీద పెట్టాలి. రూటర్ ఏదో మూల, టీవీ వెనకో ఇనుప బీరువా పక్కనో ఉంటే దాన్ని ఇంటి మధ్యకి, ఛాతీ ఎత్తుకి తెండి. పడకగదిలో ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ మీద ఉందో 5 మీద ఉందో చూడండి. 2.4 గోడలు బాగా దాటుతుంది కానీ అందులో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11 మూడే. చుట్టుపక్కల ఇళ్లన్నీ ఆ మూడింటినే పంచుకోవాలి. సాయంత్రం అందరూ ఇళ్లకి చేరాక అక్కడ తొక్కిసలాట మొదలవుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, గోడలు దాటే బలం తక్కువ. రెండు గోడల అవతల గది ఉంటే అక్కడికో కేబుల్ లాగి రెండో యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) పెట్టడం నికరమైన పని. గోడకి గుచ్చే చౌక రిపీటర్లని నేను ఎవరికీ చెప్పను. ఒకే రేడియోతో వినడం, మళ్లీ చెప్పడం రెండూ చేసేవి ఉన్న స్పీడ్‌ని దాదాపు సగం చేస్తాయి. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగా చూపించి మనల్ని సంతోషపెడతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు రాసినదాంట్లో నా కంటికి ఆనినది ఆ 12 కాదు, గొంతు ముక్కలవడం. ఆడియో కాల్‌కి సెకనుకు నూరు కిలోబిట్లు చాలు. వీడియో కాల్‌కి కూడా మూడు నాలుగు ఎంబీపీఎస్ మించి అక్కర్లేదు. 12 ఎంబీపీఎస్ ఉన్నచోట గొంతు తెగుతోందంటే ఇబ్బంది స్పీడ్‌ది కాదు, ఆలస్యానిది. నెట్ రంగంలో దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. రాగి లైన్లలో డౌన్‌లోడ్ 40 ఉన్నా అప్‌లోడ్ దారి చాలా సన్నంగా ఉంటుంది. మీ అప్‌లోడ్ ఎంతో మీరు రాయలేదు, చాలామంది ఆ అంకె వైపు చూడనే చూడరు. ఆ సన్నని దారిలోకి ఎవరైనా పెద్ద ఫైల్ పంపితే మోడెమ్ (లైన్‌ని రూటర్‌తో కలిపే పెట్టె) ప్యాకెట్లని, అంటే డేటా ముక్కలని, పారేయకుండా తన దగ్గర వరసలో పేర్చుకుంటుంది. మీ గొంతు మోసే చిన్న ప్యాకెట్ ఆ వరస చివర నిలబడాలి. మామూలుగా 20 మిల్లీసెకన్లలో వెళ్లాల్సింది 500 పడుతుంది, ఒక్కోసారి సెకను దాటుతుంది. అంత ఆలస్యంగా వచ్చిన మాటని అవతలి యాప్ పారేస్తుంది. అంతేకాదు, డౌన్‌లోడ్ సాగాలన్నా "అందింది, ఇంకా పంపు" అనే రసీదులు అప్‌లోడ్ దారిలోనే వెళ్లాలి. అవి ఇరుక్కుంటే డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది. అందుకే వీడియోలూ ఆగుతాయి.

మరి సాయంత్రమే ఎందుకు? కంపెనీ నెట్‌వర్క్ రద్దీ ఒక కారణం కావచ్చు. కానీ ముందు మీ ఇంట్లోనే చూడండి. పగలంతా బయట తిరిగిన ఫోన్లన్నీ సాయంత్రం ఇంటి వైఫైకి చేరతాయి, ఛార్జింగ్‌కి పెడతారు. ఫోటోలు, వీడియోల బ్యాకప్ సరిగ్గా ఆ రెండూ కుదిరినప్పుడే మొదలయ్యేలా చాలా యాప్‌లు తయారై ఉంటాయి. నలుగురి ఫోన్లలో పగలు తీసిన వీడియోలు ఒకేసారి పైకి ఎక్కుతుంటే మీ అప్‌లోడ్ నిండిపోతుంది. కంపెనీవాడికి ఫోన్ చేస్తే "మా వైపు అంతా సరిగ్గానే ఉంది" అంటాడు. ఆ మాట నిజమే అవుతుంది, మీ బాధా నిజమే అవుతుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. లాప్‌టాప్‌లో కమాండ్ విండో తెరిచి 8.8.8.8 అనే గూగుల్ సర్వర్ అడ్రస్‌కి వరసగా పింగ్ పెట్టండి. ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు 15, 20, 25 అలా వస్తుంది. అది నడుస్తుండగానే ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియోని ఎక్కడికైనా అప్‌లోడ్ చేయండి. పింగ్ 30, 40 దగ్గరే ఉంటే మీ లైన్ ఆరోగ్యంగా ఉంది. 400, 600కి ఎగిరితే దొంగ దొరికినట్టే.

మందు రెండు రకాలు. ఖర్చు లేనిది, బ్యాకప్‌ని అర్ధరాత్రికి మార్చడం, లేదా కాల్ ఉన్నంతసేపు ఆపడం. ఖర్చు ఉన్నది, వరసని తెలివిగా నడిపే రూటర్ కొనడం. సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం, ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ అనే పేర్లు ఏవైనా కనిపిస్తే అది అలాంటిదే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే రూటర్లలో ఇవి దొరుకుతాయి. కేబుల్ టెస్ట్‌లో వచ్చిన డౌన్‌లోడ్, అప్‌లోడ్ స్పీడ్‌లకి పది శాతం తక్కువ అంకెలు అందులో పెడితే వరస మోడెమ్‌లో కాకుండా రూటర్‌లో ఏర్పడుతుంది, రూటర్ చిన్న ప్యాకెట్లకి దారి ఇస్తుంది. పది శాతం స్పీడ్ వదులుకుని కాల్స్ నిలబెట్టుకోవడం నా లెక్కలో లాభమే. కొన్ని రూటర్లలో క్యూఓఎస్ అనే పేరుతో ఒక్క మీట ఉంటుంది, దానిమీద నాకు పెద్ద నమ్మకం లేదు. నొక్కి చూసి పింగ్ తగ్గితేనే ఉంచండి.

కేబుల్ టెస్ట్‌లోనే తక్కువ వస్తోందా? అప్పుడు బ్రౌజర్‌లో మోడెమ్ సెట్టింగుల పేజీలోకి వెళ్లి లైన్ వివరాలు చూడండి. సింక్ స్పీడ్ అని ఒకటుంటుంది, మోడెమ్‌కీ అవతలి పెట్టెకీ మధ్య కుదిరిన స్పీడ్ అది. అది 40కి దగ్గరగా ఉండి టెస్ట్ మాత్రం సాయంత్రాలు 10 చూపిస్తే రద్దీ కంపెనీ వైపు ఉంది. సింక్ స్పీడే తక్కువగా ఉంటే తీగ బాగా లేదు. నాయిస్ మార్జిన్, అంటే అలజడిని తట్టుకోవడానికి సిగ్నల్‌కి ఉన్న మిగులు, సాధారణంగా 6 డెసిబెల్స్ దగ్గర ఉండేలా లైన్‌ని కుదురుస్తారు. అది 2, 3కి జారుతుంటే, సీఆర్‌సీ లోపాలు (దారిలో పాడైన డేటా లెక్క) గంటగంటకీ వేలల్లో పెరుగుతుంటే, ముఖ్యంగా వాన పడ్డప్పుడు ఇది జరుగుతుంటే, ఎక్కడో జాయింట్‌లో తేమ చేరి రాగి చిలుము పట్టిందని అనుకోవచ్చు. ఇంట్లో పాత ఫోన్ ఎక్స్‌టెన్షన్ తీగలు ఉంటే వాటిని విప్పేసి, లైన్ ఇంట్లోకి వచ్చే మొదటి సాకెట్‌కే మోడెమ్ పెట్టి ఒకసారి చూడండి. ఫిల్టర్ (గొంతునీ నెట్‌నీ వేరుచేసే చిన్న డబ్బా) లేని పాత ఫోన్ ఒక్కటి చాలు, లైన్ మొత్తాన్ని పాడుచేయడానికి.

రాగి పరిమితి దూరం. రాగి మీద నెట్ పంపే పద్ధతుల్లో పాతదైన ఏడీఎస్‌ఎల్2+ కాగితం మీద 24 ఎంబీపీఎస్ దాకా ఇస్తుంది, ఎక్స్‌ఛేంజ్ నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి అందులో కొద్ది భాగమే మిగులుతుంది. దాని తర్వాత వచ్చిన వీడీఎస్‌ఎల్2లో ఎక్కువగా వాడే రకం 100 దాకా ఇవ్వగలదు, అదీ కొన్ని వందల మీటర్ల లోపల. మీకు 40 ప్లాన్ ఉందంటే అది దాదాపుగా వీడీఎస్‌ఎల్ అయి ఉండాలి. అంటే వీధిలోని పెట్టె దాకా ఫైబర్ ఇప్పటికే వచ్చి ఉంటుంది, అక్కడి నుంచి మీ ఇంటి దాకానే రాగి. ఫైబర్ గాజులో వెలుతురుకి నష్టం కిలోమీటరుకి 0.2 నుంచి 0.35 డెసిబెల్ మాత్రమే కాబట్టి కిలోమీటరు దూరంలో ఉన్నవాడికీ పది కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడికీ ఒకే స్పీడ్ అందుతుంది. చుట్టూ కరెంటు తీగలున్నా నాయిస్ ఎక్కదు, పిడుగు పడినప్పుడు ఫోన్ తీగ వెంట మోడెమ్ దాకా వచ్చే దెబ్బ ఉండదు.

ఫైబర్ కూడా పంచుకునేదే అన్న సంగతి ప్రకటనలు చెప్పవు. జీపాన్ అనే పద్ధతిలో కంపెనీ వైపు ఒక్క పోర్ట్ నుంచి 2.488 గిగాబిట్లు కిందికి, 1.244 గిగాబిట్లు పైకి వెళతాయి. స్ప్లిట్టర్ పెట్టి ఆ ఒక్క పోగుని సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకి పంచుతారు. 32 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తిగా పిండితే ఇంటికి 78 ఎంబీపీఎస్ చొప్పున వస్తుంది. ఆచరణలో అందరూ ఒకేసారి పిండరు, కాబట్టి దీని గురించి టెన్షన్ అక్కర్లేదు. కొత్తగా వేస్తున్న చోట ఎక్స్‌జీఎస్-పాన్ ఉంటే రెండు వైపులా 10 గిగాబిట్లు, అప్పుడు ఆ ఆలోచనే వద్దు. చిక్కంతా స్ప్లిట్టర్‌కి వెనక ఉంటుంది. కంపెనీ బయటి ప్రపంచంతో కలిసే లింకులు చాలకపోతే రాగి వాడైనా ఫైబర్ వాడైనా సాయంత్రం ఒకేలా ఏడుస్తాడు. అందుకే మీ సింక్ స్పీడ్ బాగుండి సాయంత్రం మాత్రమే టెస్ట్ పడిపోతుంటే, అదే కంపెనీ ఫైబర్ తీసుకునే ముందు మీ చుట్టుపక్కల దాన్ని వాడుతున్న ఇద్దరు ముగ్గురిని సాయంత్రం ఎలా ఉంటుందో అడగండి. అమ్మడానికి వచ్చినవాడి మాటకంటే వాళ్ల మాట విలువైనది.

కంపెనీని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ఫైబర్ ఇంటి లోపలి దాకా వస్తుందా, వీధి పెట్టె దగ్గరో భవనం కిందో ఆగి అక్కడి నుంచి పాత తీగ మీదే వస్తుందా. రెండిటినీ ఫైబర్ అనే పేరుతోనే అమ్ముతారు. అప్‌లోడ్ ఎంతో విడిగా అడగండి. మీ బాధకి అసలు మందు ఆ అంకెలోనే ఉంది, 300కి 300 ఇస్తారా, 300కి 30 ఇస్తారా అన్నది పెద్ద తేడా. నెలకి ఇంత డేటా దాటితే స్పీడ్ తగ్గిస్తారా, మొదటి కొన్ని నెలల ఆఫర్ అయిపోయాక బిల్లు ఎంత, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఇవి కాగితం మీద చూడండి. ఇంట్లో కెమెరాని బయటి నుంచి చూడటమో సొంత సర్వర్ నడపడమో చేస్తే సీజీనాట్ (చాలా ఇళ్లకి కలిపి ఒకే బయటి అడ్రస్ ఇచ్చే పద్ధతి) ఉందా అని అడగండి. ఉంటే రూటర్‌కి ఇచ్చే అడ్రస్ సాధారణంగా 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలవుతుంది, బయటి నుంచి నేరుగా లోపలికి రావడం కుదరదు.

300 కావాలా, 100 చాలా? నెట్‌ఫ్లిక్స్ తన 4కే వీడియోకి అడిగేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. ఇంట్లో మూడు తెరలు 4కే నడిపినా 45. నలుగురున్న ఇంటికి మంచి అప్‌లోడ్ ఉన్న 100 హాయిగా సరిపోతుంది. ధరలో తేడా కొంచెమే అయితే 300 తీసుకోండి, పెద్ద ఆటలు, అప్‌డేట్‌లు త్వరగా దిగుతాయి. గిగాబిట్ ప్లాన్ మాత్రం మీరు రాసిన వాడకానికి దండగ. వైఫైలో ఫోన్‌కి చాలాసార్లు అందులో సగం కూడా అందదు.

పని చేయడానికి మనిషి వచ్చిన రోజు మీరు దగ్గరుండండి. ఫైబర్ చివర పెట్టే ఓఎన్‌టీ పెట్టెని వాళ్లకి వీలైన చోట, అంటే తలుపు పక్కన మొదటి మూలలో బిగించేసి వెళ్లిపోతారు. వైఫై కూడా అదే పెట్టెలో ఉంటే మీ పడకగది కథ మొదటికి వస్తుంది. ఇంటి మధ్య దాకా ఫైబర్ లాగమనండి, లేదా మూలన ఓఎన్‌టీ ఉంచి అక్కడి నుంచి ఇంటి మధ్యలోని రూటర్‌కి క్యాట్ 5ఈ అయినా క్యాట్ 6 అయినా కేబుల్ వేయించండి. మూలమలుపుల్లో ఫైబర్‌ని మడత పెట్టనివ్వకండి. ఇళ్లలో వాడే మంచి రకం కూడా 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే ఇరుగ్గా వంచకూడదు, పాత రకానికి 30 కావాలి. మేకు గట్టిగా దిగ్గొట్టి నొక్కేసినా వెలుతురు కారిపోతుంది. ఆకుపచ్చ కనెక్టర్‌ని ఆకుపచ్చ దానికే పెట్టాలి, నీలం దానికి కాదు. ముఖాలు కోసిన తీరు వేరు, కలిపితే నష్టం పెరుగుతుంది. తెరిచి ఉన్న ఫైబర్ మొనలోకి కన్ను పెట్టి చూడకండి, ఆ వెలుతురు కంటికి కనబడదు.

అంతా అయ్యాక అతన్ని ఓఎన్‌టీకి అందుతున్న ఆప్టికల్ పవర్ ఎంతో చూపించమనండి. మైనస్ అంకె డీబీఎంలో వస్తుంది, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం. మైనస్ 15 నుంచి మైనస్ 24 దాకా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. సాధారణ జీపాన్ పరికరాల హద్దు మైనస్ 27. మైనస్ 26 చూపించి "నడుస్తోంది కదా సార్" అంటే ఒప్పుకోకండి. కనెక్టర్ తుడిపించండి, లేదా అతుకు మళ్లీ వేయించండి. ఇవాళ నడిచేది కాస్త దుమ్ము పడగానే ఆగిపోతుంది, అప్పుడు సిగ్నల్ పోయిందని చెప్పే ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ అంకెని మీ ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి, రేపు గొడవ వస్తే పనికొస్తుంది.

ఇంకొకటి, పాత ఫోన్ లైన్ కరెంటు పోయినా పనిచేసేది, దానికి కరెంటు ఎక్స్‌ఛేంజ్ నుంచి వచ్చేది కాబట్టి. ఫైబర్‌లో ఆ సౌకర్యం లేదు. ఓఎన్‌టీకీ రూటర్‌కీ కలిపి చిన్న యూపీఎస్ పెట్టుకోండి, కొనే ముందు రెండు అడాప్టర్ల మీదా వోల్టులు, ఆంపియర్లు చూసి సరిపోయేది తీసుకోండి.

మీ విషయంలో నేనైతే ఈ వారం బ్యాకప్‌లు రాత్రికి మార్చి, రూటర్‌ని కదిపి, కేబుల్ అంకెలు, పింగ్ అంకెలు రాసుకుంటాను. పింగ్ ఎగురుతుంటే, లేదా సింక్ స్పీడ్ పడుతుంటే, ఇంటి లోపలి దాకా వచ్చే ఫైబర్‌ని మంచి అప్‌లోడ్‌తో తీసుకుంటాను. అది పెట్టించాక కూడా పాత లైన్‌ని వెంటనే తీయించను. ఒక నెల రెండూ ఉంచి, సాయంత్రాలు చూసి, అప్పుడు రద్దు చేస్తాను. పాత లైన్ మీద ల్యాండ్‌లైన్ నంబర్ ఉండి అది మీకు కావాలంటే, నంబర్ కొత్త దానికి మారిందని రూఢి చేసుకున్నాకే రద్దుకి రాయండి. ముందు రద్దు చేస్తే నంబర్ పోయే ప్రమాదం ఉంది. పాత మోడెమ్ కంపెనీదైతే తిరిగిచ్చి రసీదు తీసుకోండి.